హార్మోన్లు తినే బ్యాక్టీరియా అట, కిలో 4,200. మా ఎస్టీపీకి కొనాలా?

సెకండ్‌ఫ్లోర్_శీను
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో 340 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. సొంత ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంట్ ఉంది, మురుగుకి ఎక్కువసేపు గాలి కొట్టే ఎక్స్‌టెండెడ్ ఏరేషన్ రకం. శుద్ధి చేసిన నీళ్లు ఫ్లష్‌కి, లాన్‌కి వాడుతున్నాం. వద్దు మొర్రో అన్నా ఈసారి నన్ను ట్రెజరర్‌ని చేశారు, అక్కడ మొదలైంది తంటా.

మొన్న జనరల్ బాడీ మీటింగ్‌లో ఒకావిడ లేచి, "ఆ నీళ్లలో ఆడవాళ్ల హార్మోన్లు ఉంటాయి, పిల్లలు ఆ లాన్‌లోనే దొర్లుతున్నారు, ఆడపిల్లలు తొమ్మిదేళ్లకే పెద్దమనిషి అయిపోతున్నది ఇందుకే" అన్నారు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపులో 212 మెసేజులు. మూడో రోజుకల్లా ఒక సేల్స్ కుర్రాడు దిగాడు. హార్మోన్లు తినే స్పెషల్ బ్యాక్టీరియా పౌడర్, కిలో 4,200 రూపాయలు, నెలకి ఆరు కిలోలు వెయ్యాలట. బ్రోషర్‌లో చేప బొమ్మ ఉంది, డీఎన్‌ఏ బొమ్మ ఉంది, బ్యాక్టీరియా పేరు మాత్రం ఎక్కడా లేదు.

నెలకి 25,200. అడిగేవి రెండే. అలాంటి బ్యాక్టీరియా నిజంగా ఉందా? ఉంటే ఈ పౌడర్ కొనాలా?

ఏరేషన్_అంజి
శీనన్నా, పదకొండేండ్ల సంది ఎస్టీపీలల్లనే ఉన్న. వాసన పోయే పౌడర్ చూసిన, నురగ పోయే పౌడర్ చూసిన, నూనె తినే పౌడర్ చూసిన. ఇగ హార్మోన్ తినేది గూడ అచ్చిందన్నట్టు.

హార్మోన్ సంగతి నాకు తెల్వది గని కల్చర్, అంటే పెంచిన బ్యాక్టీరియా సంగతి తెలుసు. కొత్త ప్లాంట్ చాలు చేసేటప్పుడు నడుస్తున్న వేరే ప్లాంట్ కెళ్లి ఒక ట్యాంకర్ స్లడ్జ్, అంటే బ్యాక్టీరియా ఉన్న బురద తెచ్చి పోస్తం. దొరకకపోతే పచ్చి పేడ, బెల్లం నీళ్లు. కొన్ని వారాలల్ల బురద మంచి గోధుమ రంగుకు తిరుగుతది. పౌడర్ ఏసినా ఇంచుమించు గంతే టైమ్ వడ్తది, పైసలు పోతయ్ అంతే.

ముందుగాల నీ ప్లాంట్ సంగతి చెప్పు. గాలి కొట్టే బ్లోయర్లు రెండూ నడుస్తున్నయా? డీఓ, అంటే నీళ్లల్ల కరిగిన ఆక్సిజన్ ఎంత? లీటర్ సిలిండర్ల అరగంట పెడ్తే బురద ఎంత దిగుతుంది? బురద ఎన్ని రోజులకోసారి బయటికి పంపుతున్నరు?

సెకండ్‌ఫ్లోర్_శీను
అంజన్నా, ఇవన్నీ ఆపరేటర్‌ని అడిగి చెప్తా. డీఓ మీటర్ పాడై చాలా రోజులైందని మాత్రం తెలుసు.

క్లారిఫయర్_కృష్ణ
హార్మోన్లు అని అన్నీ ఒకే మూట కట్టేస్తే ఏదీ తేలదు శీను గారూ. మురుగునీటి విషయంలో నాలుగు పేర్లు గుర్తు పెట్టుకోండి. ఎస్ట్రోన్, ఎస్ట్రాడయాల్, ఎస్ట్రియాల్ - ఈ మూడూ మనుషుల ఒంట్లో పుట్టేవే. నాలుగోది ఇథినైల్ ఎస్ట్రాడయాల్, గర్భనిరోధక మాత్రల్లో ఉండేది, ఫ్యాక్టరీలో చేసింది. మా వాళ్లు ఈ1, ఈ2, ఈ3, ఈఈ2 అని రాసుకుంటారు.

ఇక మోతాదు. మనం బీఓడీని, అంటే మురుగుని తినడానికి బ్యాక్టీరియాకి కావాల్సిన ఆక్సిజన్‌ని, లీటరుకు మిల్లీగ్రాముల్లో కొలుస్తాం కదా, ఇవి నానోగ్రాముల్లో ఉంటాయి. ఒక మాత్రలో ఈఈ2 దాదాపు 30 మైక్రోగ్రాములు. ఆ ఒక్క మాత్రని పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు మూడింటిలో కలిపితే లీటరుకు 1 నానోగ్రాము వస్తుంది. అంత పలచన. అయినా చేపలకి అది చిన్న మోతాదు కాదు, ఆ సంగతి వేరేవాళ్లు చెప్తారులెండి.

మీ మొదటి ప్రశ్నకి జవాబు: ఉంది. టోక్యోలో ఒక మురుగునీటి కేంద్రం బురదలోంచి ఎస్ట్రాడయాల్‌ని తిని బతికే బ్యాక్టీరియాని వేరుచేసి 2002లో ప్రచురించారు. తర్వాత దానికి నోవోస్ఫింగోబియం టార్డాగెన్స్ అని పేరు పెట్టారు. 2007లో అమెరికాలో బురదలోంచే 14 రకాలు పట్టారు, కేసీ1 నుంచి కేసీ14 దాకా. ఎక్కువ రకాలు ఎస్ట్రాడయాల్‌ని ఎస్ట్రోన్‌గా మార్చి అక్కడ ఆగిపోయాయి. కేసీ8 అనే స్ఫింగోమోనాస్ మాత్రం రెండింటినీ తినేసింది.

ఇవన్నీ ఎక్కడ దొరికాయో చూశారా? అడవిలోనూ కాదు, సముద్రం అడుగునా కాదు. మీ సెల్లార్ పక్కన ట్యాంక్‌లో తిరుగుతుండే లాంటి బురదలోనే.

డాక్టరమ్మ
గైనకాలజిస్టుని. హార్మోన్ అనే మాట వినపడగానే వచ్చాను.

మన లివర్ ఈ హార్మోన్లకి ఒక చీటీ అంటించి బయటికి పంపుతుంది. గ్లూకురోనైడ్, సల్ఫేట్ అనే తోకలన్నమాట. తోక తగిలించాక అవి నీళ్లలో బాగా కరుగుతాయి, హార్మోన్‌లా పనిచెయ్యవు. అంటే మూత్రంలో పోయేది ఎక్కువగా నిద్రపోతున్న హార్మోనే.

ఎంత పోతుందంటే, నెలలు నిండిన గర్భిణి మూత్రంలో ఎస్ట్రియాల్ రోజుకి మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది. మాత్రలో మైక్రోగ్రాములని కృష్ణ గారు చెప్పారు కదా, తేడా చూసుకోండి. అల్ట్రాసౌండ్ ఇంతగా లేని రోజుల్లో కడుపులో బిడ్డ బాగుందో లేదో తెలుసుకోవడానికి 24 గంటల మూత్రం పట్టించి ఎస్ట్రియాల్ కొలిచేవారు. మా ప్రొఫెసర్లు ఆ సీసాల కథలు ఇప్పటికీ చెప్తారు.

ఇంకోటి. విదేశీ వ్యాసాలు చదివి మాత్రలు, మాత్రలు అని భయపడుతున్నారు గానీ మన దగ్గర మాత్రలు వేసుకునేవాళ్లు ఎంతమంది? 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాలా-డి లాంటి మాత్రలో ఇథినైల్ ఎస్ట్రాడయాల్ ఉంటుంది, నిజమే. వారానికోసారి వేసుకునే ఛాయా మాత్రలో అసలు స్టెరాయిడ్ హార్మోనే లేదు, అది లక్నో సీడీఆర్‌ఐలో తయారైన వేరే మందు. కాబట్టి మన మురుగులో ఎక్కువగా ఉండేది ఒంట్లో పుట్టిన హార్మోనే.

ఆడపిల్లలు త్వరగా ఎదగడం గురించి: బరువు, తిండి, వంశం, ఇంకా చాలా ఉన్నాయి. లాన్‌కి పట్టే నీళ్ల మీద దాన్ని నెట్టడానికి నాకు ఏ ఆధారమూ కనపడలేదు. ఆ లాన్‌లో నేను భయపడేది విరేచనాలకి. క్లోరిన్ సరిగ్గా వేస్తున్నారా, పిల్లలు ఆడుకునే టైమ్‌లో స్ప్రింక్లర్లు ఆపుతున్నారా, ఆ రెండూ చూడండి శీను గారూ.

పెంకుటిల్లు_పంతులు
మా కాలంలో ఈ హార్మోన్లూ లేవు, ఈ గోలా లేదు. అంతా ఈ మాత్రలు వచ్చాకే.

డాక్టరమ్మ
పంతులు గారూ, ఉన్నాయండీ, కొలిచేవాళ్లే లేరు. మీ దొడ్లో చూడి గేదె రోజూ బోలెడంత వదిలేది. ఎస్ట్రోన్‌ని మొట్టమొదట 1929లో వేరుచేసిందే గర్భిణుల మూత్రంలోంచి.

థేమ్స్_గట్టు
ఇంగ్లండ్ నుంచి. చేపల కథ నేను చెప్తాను, ఇక్కడ గాలం వేసేవాళ్లందరికీ తెలిసిన కథ.

1970ల చివర్లో లండన్ ఉత్తరాన లీ నది దగ్గర, మురుగు శుద్ధి కేంద్రం నీళ్లు చేరే చోట, రోచ్ అనే చేపల్ని పట్టినవాళ్లకి ఒకే చేపలో ఆడ, మగ లక్షణాలు రెండూ కనపడ్డాయి. ఆ తర్వాత మగ ట్రౌట్ చేపల్ని బోనుల్లో పెట్టి శుద్ధి కేంద్రాల తూముల దగ్గర వదిలారు. కొన్ని వారాల్లో వాటి రక్తంలో వైటెల్లోజెనిన్ పెరిగిపోయింది. అది గుడ్డులో పచ్చసొనకి కావాల్సిన ప్రోటీన్, మగ చేపకి దాంతో పనే లేదు. 1998లో బ్రూనెల్ యూనివర్సిటీ వాళ్లు నదుల్లో రోచ్ చేపల మీద పెద్ద సర్వే ప్రచురించారు, వృషణాల్లో గుడ్లు పెరుగుతున్న మగ చేపలు చాలా నదుల్లో కనపడ్డాయి.

మొదట్లో అందరూ డిటర్జెంట్ల మీద, పురుగుమందుల మీద అనుమానపడ్డారు. అదే 1998లో శుద్ధి కేంద్రాల నీళ్లని భాగాలుగా విడదీసి పరీక్షిస్తే దొరికిన దొంగలు మనుషుల హార్మోన్లే: ఎస్ట్రోన్, ఎస్ట్రాడయాల్, కొన్నిచోట్ల మాత్రలోది.

కెనడాలో ఇంకా ఘాటైన ప్రయోగం. ఆంటారియోలో పరిశోధనల కోసమే కొన్ని సరస్సులు కేటాయించారు. వాటిలో 260వ నంబరు సరస్సులో 2001 నుంచి 2003 దాకా మూడు వేసవులు లీటరుకు 5-6 నానోగ్రాముల ఈఈ2 ఉండేలా కలిపారు. అందులో ఉన్న ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. కలపడం ఆపాక కొన్నేళ్లకి తేరుకుందనుకోండి.

కృష్ణ గారి లెక్కలో చెప్పాలంటే మూడు ట్యాంకర్లలో ఐదారు మాత్రలు.

కొల్లేటి_కొంగ
నమస్తే అండి. కైకలూరు దగ్గర చెరువులండి మావి. ఈ చేపల సంగతి వింటుంటే మాకేం వింతగా లేదండి. తిలాపియా హేచరీల్లో పిల్లకి మొదటి 21 రోజులు మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపిన మేత పెడతారు, కిలో మేతకి 60 మిల్లీగ్రాములు. అన్నీ మగవే అవుతాయి. ఆడ తిలాపియా గుడ్లు నోట్లో పెట్టుకుని మేత మానేస్తుందండి, ఇక పెరిగేదెక్కడ. అందుకని మగవే కావాలి.

నా డౌటేంటంటే, ఆ హేచరీ నీళ్లు కాలవలోకి పోతే? దానికీ బ్యాక్టీరియా ఉందా అండి?

రైన్_ఒడ్డున
జర్మనీలో ఉంటాను, చదువు మురుగు బ్యాక్టీరియా మీదే. కొంగ గారి ప్రశ్నతో మొదలెడతాను.

ఉందండీ. టెస్టోస్టిరాన్‌నే తిని బతికే బ్యాక్టీరియాని 1952లోనే మట్టిలోంచి పట్టారు. దాని పేరు ఇప్పుడు కోమమోనాస్ టెస్టోస్టెరోని, పేరులోనే దాని తిండి ఉంది. కానీ హేచరీలో వాడేది మామూలు టెస్టోస్టిరాన్ కాదు, మిథైల్ తగిలించింది. అక్కడే మెలిక.

స్టెరాయిడ్ అణువుని నాలుగు గదుల ఇల్లనుకోండి, ఎ, బి, సి, డి. వరసగా మూడు గదులు కాస్త పెద్దవి, చివరి డి గది చిన్నది. ఎస్ట్రాడయాల్‌ని తినే బ్యాక్టీరియా ముందు డి గది తలుపు, అంటే 17వ కార్బన్ దగ్గరున్న ఆల్కహాల్‌ని కీటోన్‌గా మారుస్తుంది. అదే ఎస్ట్రోన్. తర్వాత ఇటు ఎ గదికి వచ్చి ఒక ఆక్సిజన్ తగిలించి, గోడ పగలగొడుతుంది. స్ఫింగోమోనాస్ కేసీ8లో ఈ మూడు పనులకీ కావాల్సిన జన్యువుల్ని తైవాన్ వాళ్లు 2017లో బయటపెట్టారు. గోడ పగిలితే ఇక అది హార్మోన్ కాదు, మామూలు తిండి.

ఇప్పుడు మాత్రలోది. 1938లో బెర్లిన్‌లో షెరింగ్ కంపెనీ కెమిస్టులు ఎస్ట్రాడయాల్‌కి అదే 17వ కార్బన్ దగ్గర ఇథినైల్ ముక్క తగిలించారు. ఎందుకు? మామూలు ఎస్ట్రాడయాల్ నోటితో వేసుకుంటే లివర్ తొందరగా చెడగొట్టేస్తుంది కాబట్టి. అంటే లివర్‌కి లొంగకూడదని తలుపుకి గడియ బిగించారు. ఆ గడియే ఇప్పుడు బ్యాక్టీరియాకీ అడ్డం. 17వ కార్బన్ దగ్గర కీటోన్ చెయ్యడానికి దారి లేదు. మిథైల్ టెస్టోస్టిరాన్‌లోనూ గడియ అక్కడే, కాకపోతే చిన్నది.

కొంగ గారూ, హేచరీ నీళ్లు నేరుగా కాలవలోకి వదలకుండా ఒక మట్టి చెరువులో నిలవబెడితే అడుగు బురదలో ఉండే సూక్ష్మజీవులకి పని చేసుకునే టైమ్ దొరుకుతుంది. వడిగా పోయే నీటిలో ఏ బ్యాక్టీరియా అయినా ఏం చేస్తుంది?

కొల్లేటి_కొంగ
గడియ మాట బాగుందండి. మా బావమరిదికి చూపిస్తా, హేచరీ ఆయనదే.

సెకండ్‌ఫ్లోర్_శీను
ఒక్క నిమిషం. నిద్రపోతున్న హార్మోన్ అన్నారు డాక్టర్ గారు. తోకతో ఉంటే పనిచెయ్యదు కదా, మరి బాధేంటి?

రైన్_ఒడ్డున
మన పేగుల్లోంచి వచ్చిన ఈ.కోలైకి గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మురుగు పైపులోనే తోక కత్తిరించేస్తుంది. నిద్ర లేపేది బ్యాక్టీరియానే, తర్వాత చంపాల్సిందీ బ్యాక్టీరియానే. సల్ఫేట్ తోకలు అంత సులువుగా తెగవు, అవి ప్లాంట్ దాకా వస్తాయి. అందుకే కొన్ని ప్లాంట్లలో లోపలికి వచ్చే నీళ్లలో కన్నా బయటికి పోయే నీళ్లలో ఎస్ట్రోన్ ఎక్కువ కనపడుతుంది. ల్యాబ్‌లో తప్పు చేశామనుకుని రెండుసార్లు కొలుస్తారు. తప్పు కాదు. దారిలో తోకలు తెగి, ఈ2 కూడా ఈ1గా మారి, అంతా అక్కడ కుప్పపడుతుంది.

మూసీ_పక్కింటోడు
మరి మా అంబర్‌పేట ప్లాంట్ సంగతేంది? 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్ల పాత ప్లాంట్. అక్కడ బ్లోయర్లతోని కాదు గదా మొదటి పని, యూఏఎస్‌బీ. మూసీ నీళ్లతోని కింద గడ్డి పెంచుతరు, ఆ గడ్డి బర్లకు ఏస్తరు.

క్లారిఫయర్_కృష్ణ
యూఏఎస్‌బీ అంటే గాలి లేకుండా బురద దుప్పటిలోంచి మురుగుని పైకి పంపే పద్ధతి. కరెంటు ఖర్చు తక్కువ, గ్యాస్ వస్తుంది, బీఓడీ బాగానే తగ్గుతుంది. హార్మోన్లకి మాత్రం అది సరైన చోటు కాదు. ఎ గది గోడ పగలగొట్టే ఆ దారికి ఆక్సిజన్ కావాలి. అక్కడ అది లేదు. పైగా గాలి లేని చోట ఎస్ట్రోన్ వెనక్కి తిరిగి ఎస్ట్రాడయాల్‌గా కూడా మారొచ్చు, ఆ రెండిట్లో బలమైనది ఎస్ట్రాడయాలే. అందుకే యూఏఎస్‌బీ తర్వాత గాలి కొట్టే లగూన్ (చెరువు), నీళ్లని చివరగా తేర్చే పాలిషింగ్ పాండ్ పెడతారు, అసలు పని అక్కడ జరగాలి. సిటీలో ఈ మధ్య వచ్చిన కొత్త ఎస్టీపీలు చాలావరకు ఎస్‌బీఆర్ (ఒకే ట్యాంక్‌లో విడతలుగా శుద్ధి చేసే రకం), వాటిలో గాలి ఉంటుంది, ఆ లెక్కన మెరుగే.

రైన్_ఒడ్డున
చిన్న సవరణ కృష్ణ గారూ. గాలి లేకపోతే అసలు తినలేవని కాదు. డెనిట్రాటిసోమా ఈస్ట్రాడియోలికమ్ అని ఒకటుంది, దాన్ని ఇక్కడ బురదలోంచి వేరుచేసి 2006లో పేరు పెట్టారు. అది ఆక్సిజన్‌కి బదులు నైట్రేట్‌ని పీల్చి ఎస్ట్రాడయాల్‌ని తింటుంది. యూఏఎస్‌బీలో నైట్రేట్ ఉండదు కాబట్టి మీ మాట అక్కడ నిలుస్తుంది.

క్లారిఫయర్_కృష్ణ
ఒప్పుకున్నా. ఇంకో విషయం, నైట్రిఫికేషన్ (బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చడం) బాగా జరిగే ప్లాంట్లలో ఈఈ2 కూడా తగ్గుతుంది కదా. అమ్మోనియాని తినే నైట్రోసోమోనాస్ ఎంజైమ్ పక్కనున్న వేరే అణువులకీ ఆక్సిజన్ తగిలించేస్తుంది. బంతిలో మనం అడక్కపోయినా పక్కాయనతో పాటు మన విస్తట్లోనూ పప్పు వేసేసినట్టు. ఆ పౌడర్‌లో నైట్రిఫైయర్లు ఉంటే పనికొస్తుందేమో?

రైన్_ఒడ్డున
ఆ పప్పు కథ నేనూ చాలా రోజులు నమ్మాను. 2004లో నైట్రోసోమోనాస్ యూరోపియా ఈఈ2ని తగ్గిస్తుందని చూపించారు, అందరూ దాన్నే చెప్పుకున్నారు. 2008లో ఇంకో బృందం అడిగిన ప్రశ్న వేరు: ల్యాబ్‌లో అమ్మోనియా గుమ్మరిస్తున్నారు కదా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ పేరుకుని, అదే రసాయనికంగా ఈఈ2ని మార్చేస్తోందేమో? అదే తేలింది. అసలు ప్లాంట్లలో అంత నైట్రైట్ పేరుకోదు, అక్కడ పని చేసేది మామూలు కార్బన్ తినే బ్యాక్టీరియా అన్నారు.

మరి నైట్రిఫికేషన్ ఉన్న ప్లాంట్లే ఎందుకు బాగా చేస్తున్నాయి? నాకు తోచింది ఇది. నైట్రిఫైయర్లు చాలా నిదానంగా పెరుగుతాయి. బురదని తొందర తొందరగా తోసేస్తే ముందు కొట్టుకుపోయేవి అవే. అవి నిలబడ్డాయంటే ఆ ప్లాంట్‌లో బురద వయసు (బురద ట్యాంక్‌లో సగటున ఉండే రోజులు) ఎక్కువని, గాలి సరిపోతోందని అర్థం. ఆ రెండూ ఉన్న చోటే నిదానంగా పెరిగే హార్మోన్ తిండిపోతులూ నిలబడతాయి. నైట్రిఫైయర్ గుడి ముందు ధ్వజస్తంభం లాంటిది, దేవుడు లోపలెక్కడో ఉన్నాడు.

నా ఊరికి దగ్గర్లోనే వీస్‌బాడెన్ ప్లాంట్ ఉంది. ఒకప్పుడు అక్కడ బీఓడీ ఒక్కటే చూసుకుని బురదని నాలుగు రోజుల లోపే తోసేవారు. తర్వాత నైట్రోజన్ కోసమని ట్యాంకులు పెంచి, బురద వయసు 11-13 రోజులకి తెచ్చారు. హార్మోన్ల కోసం ఎవరూ చెయ్యలేదు. 2003లో కొలిచి చూస్తే సహజ హార్మోన్లు 98 శాతం పైగా, ఈఈ2 90 శాతం పైగా తగ్గాయి. ఈఈ2 తగ్గింది మాత్రం గాలి కొట్టే నైట్రిఫికేషన్ ట్యాంక్‌లోనే. బురదకి అంటుకుని పోయింది 5 శాతం మాత్రమే, మిగతాదంతా తినేసినవే. ఒక్క గ్రాము పౌడర్ వెయ్యలేదు.

ఏరేషన్_అంజి
గదే నేన్ చెప్పేది! బురద నిలబెట్టాలె, గాలి కొట్టాలె.

జీడిమెట్ల_జానీ
భాయ్ నేను కల్చర్ అమ్మే లైన్‌లోనే ఉన్నా. అందరినీ ఒకే గాటన కట్టకండి. షాక్ లోడ్, అంటే ఒక్కసారిగా ఘాటైన మురుగు వచ్చి బురద చచ్చిపోయినప్పుడు కల్చర్ పనికొస్తుంది. హార్మోన్ క్లెయిమ్ మాత్రం నేనెప్పుడూ చెయ్యలేదు.

రైన్_ఒడ్డున
జానీ గారూ, నిజాయితీగా చెప్పారు. తెలిసిన తిండిపోతు జాతినే ప్లాంట్‌లో పోసినా కష్టం ఎక్కడంటే: ట్యాంక్‌లో హార్మోన్ నానోగ్రాముల్లో ఉంటుంది. దాని మీదే బతకాలంటే ఆకలికి చస్తుంది. వేరే తిండి ఉంది కానీ దానికి అక్కడి పాతకాపులు పోటీ. ప్రోటోజోవాలు కొత్తవాళ్లని ముందు మింగేస్తాయి. మిగిలినవి విడివిడిగా తేలుతూ, బురద ముద్దల్లో కలవక, బురద అడుక్కి దిగే ట్యాంక్, అంటే క్లారిఫయర్ మీంచి పొర్లిపోతాయి. అందుకే నెల నెలా ఆరు కిలోలు వెయ్యమంటున్నాడు ఆ కుర్రాడు. నిలబడేదైతే ఒకసారి వేస్తే చాలు కదా!

సెకండ్‌ఫ్లోర్_శీను
ఈ ముక్క రేపు మీటింగ్‌లో చదివి వినిపిస్తా. అసలు మా నీళ్లలో ఎంత ఉందో టెస్ట్ చేయించొచ్చా?

క్లారిఫయర్_కృష్ణ
మీరు నెలనెలా పంపే ల్యాబ్ రిపోర్టులో బీఓడీ, సీఓడీ, టీఎస్ఎస్, ఫీకల్ కోలిఫామ్ ఉంటాయి. హార్మోన్ పేరు మన నిబంధనల్లో లేదు. కొలవాలంటే లీటర్ల కొద్దీ నీళ్లని గాఢపరిచి ఎల్‌సీ-ఎంఎస్ (అణువుల్ని విడదీసి బరువు చూసి గుర్తుపట్టే యంత్రం) మీద పెట్టాలి, అపార్ట్‌మెంట్ పని కాదు. ఇంకో దారి ఈస్ట్ పరీక్ష. మనిషి ఎస్ట్రోజన్ రిసెప్టర్ జన్యువుని ఈస్ట్‌లో పెట్టారు, హార్మోన్ తగిలితే పసుపు ద్రావణం ఎరుపవుతుంది. ఏ హార్మోనో చెప్పదు, మొత్తం జోరెంతో చెప్తుంది. ఇదీ పరిశోధన ల్యాబుల్లోనే.

మీకు చవకైన కొలత ఒకటుంది. బయటికి పోయే నీళ్లలో అమ్మోనియా చూడండి. అది బాగా తక్కువగా ఉంటే ధ్వజస్తంభం నిలబడినట్టే.

మూసీ_పక్కింటోడు
అయినా 90 శాతం పోయినా 10 మిగుల్తది గదా. పెద్ద దేశాలు ఏం జేస్తున్నయి?

థేమ్స్_గట్టు
బ్యాక్టీరియా తర్వాత ఓజోన్ కొడతారు, లేదా యాక్టివేటెడ్ కార్బన్ మీంచి పంపుతారు. స్విట్జర్లాండ్ 2016 నుంచి చట్టం చేసి ఎంచుకున్న ప్లాంట్లలో పెట్టిస్తోంది. ఇంగ్లండ్‌లో లెక్క వేస్తే వేల కోట్ల పౌండ్లు తేలింది, అప్పట్నుంచి వాదన నడుస్తూనే ఉంది. 2024లో యూరోపియన్ యూనియన్ కొత్త చట్టంలో పెద్ద ప్లాంట్లకి ఈ నాలుగో దశ పెట్టమని, అందులో కనీసం 80 శాతం ఖర్చు మందుల కంపెనీలు, కాస్మెటిక్స్ కంపెనీలు భరించాలని రాశారు. కంపెనీలు కోర్టుకెక్కాయి.

మూసీ_పక్కింటోడు
మన పటాన్‌చెరు దిక్కు గట్లంటే ఏమైతదో ఊహించుకోండ్రి. 2007ల అక్కడి శుద్ధి చేసిన నీళ్లల్ల సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 28-31 మిల్లీగ్రాములు దొరికింది. నానో కాదు, మిల్లీ.

వేదిక_నిర్వాహకులు
పటాన్‌చెరు యాంటీబయాటిక్స్ గురించి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ మాట్లాడండి. ఇక్కడ హార్మోన్లే.

సెకండ్‌ఫ్లోర్_శీను
ఆపరేటర్‌తో కూర్చున్నాను. అంజన్నా, ముందే చెప్తున్నా, తిట్టొద్దు.

రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా బ్లోయర్లు ఆపేస్తున్నారు. మార్చి నుంచి. కరెంటు బిల్లు తగ్గించాలని టైమర్ పెట్టించింది నేనే. నెలకి 18,000 మిగులుతోందని మీటింగ్‌లో చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ట్యాంక్ 160 ఘనమీటర్లు. ఎంఎల్ఎస్ఎస్, అంటే ట్యాంక్ నీళ్లలో లీటరుకు ఉన్న బురద, 1,200 మిల్లీగ్రాములు వచ్చింది. సిలిండర్లో బురద 110 మిల్లీలీటర్లు దిగింది. వారానికి రెండు పదివేల లీటర్ల ట్యాంకర్ల బురద బయటికి పోతోంది. కాంట్రాక్టర్‌కి ట్యాంకర్‌కి ఇంత అని కడుతున్నాం, అందుకే వారం వారం ఠంచనుగా వస్తున్నాడు.

ఏరేషన్_అంజి
తిట్టనన్నా, గని ఆరు గంటలు ముక్కు మూసి బతుకుమంటే నువ్వు బతుకుతవా?

క్లారిఫయర్_కృష్ణ
లెక్క చూద్దాం. 160 ఘనమీటర్లు, 1,200 అంటే ట్యాంక్‌లో ఉన్న బురద 192 కిలోలు. వారానికి 20,000 లీటర్లు, ఆ చిక్కదనంలో లీటరుకు 8 గ్రాములనుకుంటే 160 కిలోలు పోతోంది. రోజుకి 23. బురద వయసు ఎనిమిది రోజులు. ఎక్స్‌టెండెడ్ ఏరేషన్ ప్లాంట్ కట్టిందే 20 రోజులు దాటించడానికి. హార్మోన్ల మీద 2005లో ఆస్ట్రియా వాళ్లు చేసిన పనిలోనూ పది రోజుల దగ్గరే గీత కనపడింది. మీరు ఆ గీతకి ఇవతల ఉన్నారు, పైగా రాత్రిళ్లు గాలి లేదు.

పది రోజుల గీత చలిదేశపు నీళ్ల లెక్క, మన వేడికి కొంచెం వెసులుబాటు ఉంటుంది. అయినా బురద ట్యాంకర్‌ని రెండు వారాలకి ఒకటి చెయ్యండి, టైమర్ తీసేయండి, డీఓ 2 దగ్గర ఉంచండి. ఎంఎల్ఎస్ఎస్ 3,500 దాకా పెరగనివ్వండి, దాటితే మళ్లీ తీయండి.

డాక్టరమ్మ
క్లోరిన్ సంగతి చూశారా?

సెకండ్‌ఫ్లోర్_శీను
చూశాను మేడం. డోసింగ్ పంపు నడుస్తోంది కానీ డబ్బాలో మందు లేదు. స్ప్రింక్లర్లు ఇప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి మార్చాం.

సెకండ్‌ఫ్లోర్_శీను
ఐదు వారాల తర్వాత వస్తున్నాను. పౌడర్ కొనలేదు. సేల్స్ కుర్రాడిని బ్యాక్టీరియా పేరు అడిగితే "కంపెనీ సీక్రెట్ సార్" అన్నాడు. స్ఫింగోమోనాసా అని అడిగాను, "అంతకన్నా అడ్వాన్స్‌డ్" అన్నాడు.

టైమర్ పీకేశాం. కరెంటు బిల్లు మళ్లీ పెరిగింది, బురద ట్యాంకర్ల ఖర్చు తగ్గి కొంత సర్దుకుంది. కాంట్రాక్టర్ మాత్రం నాతో మాట్లాడటం మానేశాడు. ఎంఎల్ఎస్ఎస్ 2,600. సిలిండర్లో 240. అమ్మోనియా మొదట లీటరుకు 31 మిల్లీగ్రాములు ఉండేది, నిన్నటి రిపోర్టులో 4. సెల్లార్‌లో వాసన తగ్గిందని ఆ మీటింగ్‌లో లేచినావిడే గ్రూపులో పెట్టారు.

ఏరేషన్_అంజి
4 అంటే మస్తు దిగింది. ఇగ రెండో బ్లోయర్ బెల్ట్ జూడు, కొత్తది తెచ్చిపెట్టుకో. ఎండాకాలం అదే తెగుతది.